వజూకు ఎంత నీరు చాలు?

మదీనాలో బుజాఆ అనే బావి ఉండేది. తొమ్మిదో శతాబ్దంలో హదీసు సంకలనకర్త అబూ దావూద్ ఆ బావి ఉన్న తోటకు వెళ్ళారు. తన పైవస్త్రాన్ని బావి మీద పరిచి, ఆ తర్వాత ఆ బట్టను మూరలతో కొలిచారు. వెడల్పు ఆరు మూరలని తేలింది. అంతటితో ఊరుకోలేదు. తోట తలుపు తీసిన మనిషిని, ఈ బావి కట్టడం మొదట ఉన్నట్టే ఉందా, ఏమైనా మారిందా అని అడిగారు. మారలేదని అతను చెప్పాడు. అబూ దావూద్ గురువుల్లో ఒకరైన ఖుతైబా కూడా అక్కడి కాపలాదారును లోతు అడిగి తెలుసుకున్నారు. నిండుగా ఉన్నప్పుడు మనిషి పొత్తికడుపు దాకా, తగ్గినప్పుడు అంతకంటే కిందికి.

ఇంత శ్రమ దేనికి? ఆ బావి నీటి గురించి ఒక హదీసు (ప్రవక్త మాటలను, చేతలను చెప్పే కథనం) ఉంది. అందులో మురికి పడుతుంది కదా, ఆ నీటితో వజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) చెయ్యవచ్చా అని కొందరు ప్రవక్త ముహమ్మద్‌ను అడిగారు. నీరు శుద్ధమైనదని, దాన్ని ఏదీ అశుద్ధం చెయ్యదని ఆయన జవాబిచ్చారు. బావి ఎంతటిదో తెలియకుండా ఆ జవాబును చెంబు నీటికీ చెరువు నీటికీ ఒకే తీరుగా వర్తింపజేయడం కుదరదు. అందుకే అబూ దావూద్ కొలత తీశారు. తన గ్రంథంలో హదీసు పక్కనే ఆ కొలతనూ రాసి ఉంచారు.

ఈ వ్యాసంలో నేను వెతికిన ప్రశ్న అంతకంటే చిన్నది. ఒక మనిషి నమాజుకు ముందు వజూ చెయ్యడానికి నిజంగా ఎంత నీరు కావాలని మూలగ్రంథాలు చెబుతున్నాయి? ఆ మాటకూ, మన మసీదుల్లోని హౌజుకూ (వజూ నీటి కొలనుకూ), నల్లాకూ ఉన్న సంబంధం ఏమిటి? వజూ చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ రోజుకు ఐదు నమాజుల ముందు నిలబడే పని ఇది. చిన్న పొరపాటు కూడా ఏడాది తిరిగేసరికి పెద్దదవుతుంది.

మురికి వేరు, హదస్ వేరు

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. ఇస్లామీయ ధర్మశాస్త్రం అశుద్ధాన్ని రెండుగా చూస్తుంది. ఒంటికో బట్టకో అంటిన మలమూత్రాలు, రక్తం వంటివి నజాసత్. అవి కంటికి కనిపిస్తాయి, కడిగితే పోతాయి. రెండోది హదస్. అది ఒక స్థితి. నిద్రపోయినా, అపానవాయువు వెలువడినా మనిషి ఆ స్థితిలోకి వస్తాడు. అప్పుడు చేతిమీద మురికి ఏమీ ఉండదు. అయినా వజూ చేసే వరకు నమాజుకు నిలబడకూడదు.

తయమ్ముమ్ ఉన్నది కాబట్టే ఈ తేడా నిలబడుతుంది. నీరు దొరకనప్పుడు, లేదా జబ్బువల్ల నీరు తగలకూడనప్పుడు శుద్ధమైన మట్టి మీద చేతులు ఆనించి ముఖాన్నీ చేతులనూ తుడుచుకుంటే సరిపోతుంది. వజూ ఉద్దేశం శుభ్రతే అయితే మట్టి ఆ పని చెయ్యదు. వజూవల్ల చేతులూ ముఖమూ శుభ్రపడతాయి, అందులో సందేహం లేదు. కానీ ధర్మశాస్త్రం దాన్ని ఆ లెక్కన నియమించలేదు. నీరు ఎక్కువ పోస్తే శుద్ధి ఎక్కువవుతుందనే వాదన ఇక్కడే బలహీనపడుతుంది. హదస్ అనేది ఉంటుంది, లేదా ఉండదు. రెండు చెంబులతో పోయి, ఒక చెంబుతో సగం మిగిలేది కాదు.

ఖురాన్‌లో వజూ గురించి నేరుగా మాట్లాడే వాక్యం ఐదో అధ్యాయం (అల్ మాయిదా) ఆరోది. అది నాలుగు పనులు చెబుతుంది: ముఖం కడగడం, మోచేతుల దాకా చేతులు కడగడం, తల తుడవడం, చీలమండల దాకా పాదాలు. నీటి పరిమాణం గురించి ఒక్క మాట లేదు. ఎన్నిసార్లు కడగాలో కూడా లేదు. పాదాల దగ్గర ఒక పేరున్న పఠనభేదం ఉంది. పాదాలు అనే పదం చివరి అచ్చును ఖురాన్ పఠనాచార్యులైన నాఫీ, ఇబ్న్ ఆమిర్, కిసాయీ ఒక విధంగా చదివారు. ఇబ్న్ కసీర్, అబూ అమ్ర్, హమ్జా మరో విధంగా చదివారు. మొదటి పఠనంలో పాదాలు కడగవలసిన వాటితో కలుస్తాయి, రెండోదానిలో తుడవవలసిన తలతో కలిసినట్టు కనిపిస్తాయి. సున్నీ పండితులు మడమలు పొడిగా వదిలేసినవారిని ప్రవక్త గట్టిగా హెచ్చరించిన హదీసును ఆధారం చేసుకుని కడగాలన్నారు. ఇమామీ షియా పండితులు తుడవాలన్నారు, అదీ చేతుల్లో మిగిలిన తడితోనే. రెండు పక్షాలకూ భాష ఆధారం ఉంది, సంప్రదాయం ఆధారం ఉంది. ఒక అచ్చు దగ్గర మొదలైన ఈ వాదాన్ని తేల్చడం నా పని కాదు. కానీ నీటి లెక్కలో ఈ తేడా గమనించదగ్గది. ఇమామీ పద్ధతిలో కడిగేవి ముఖమూ చేతులూ మాత్రమే. మూడోసారి కడగడాన్ని వారు కొత్తగా చేర్చిన ఆచారంగా తిరస్కరిస్తారు.

ముద్ అంటే ఎంత?

పరిమాణం గురించి గట్టి ఆధారం హదీసుల్లో ఉంది. ప్రవక్తకు పదేళ్ళు సేవ చేసిన అనస్ చెప్పిన మాటను హదీసు సంకలనకర్తలు బుఖారీ, ముస్లిం ఇద్దరూ నమోదు చేశారు. ప్రవక్త వజూకు ఒక ముద్ నీరు, స్నానానికి ఒక సాఅ నుంచి ఐదు ముద్‌ల దాకా వాడేవారని దాని సారం. నాలుగు ముద్‌లు కలిస్తే ఒక సాఅ. ముద్ అంటే స్థూలంగా సగటు మనిషి రెండు చేతుల దోసెడు. అబూ దావూద్ గ్రంథంలో ఇంకా తక్కువ చెప్పే కథనం ఉంది. ఉమ్మె ఉమారా ప్రకారం ఒక సందర్భంలో ప్రవక్తకు తెచ్చిన పాత్రలో ముద్‌లో మూడింట రెండు వంతుల నీరే ఉంది, వజూ దానితోనే జరిగింది.

స్నానం విషయంలో బుఖారీలో ఒక చిన్న సంభాషణ కనిపిస్తుంది. ఒక సాఅ చాలని ప్రవక్త సహచరుడు జాబిర్ చెబితే, అక్కడున్న ఒకాయన నాకు అది చాలదన్నాడు. నీకంటే ఎక్కువ జుట్టున్నవారికి, నీకంటే మేలైనవారికి అది చాలింది అని జాబిర్ బదులిచ్చారు. చాలదు అనే మాట కొత్తగా పుట్టలేదని ఈ సంభాషణ చెబుతోంది.

ఇక ముద్‌ను లీటర్లలోకి మార్చబోతే జాగ్రత్త అవసరం. తొలినాళ్ళలోనే రెండు లెక్కలు ఉన్నాయి. రత్ల్ అనే తూకం లెక్కన, ఇరాక్ పండితుల ప్రకారం ముద్ అంటే రెండు రత్ల్‌లు, మదీనావారి ప్రకారం ఒకటీ మూడో వంతు. హనఫీ సంప్రదాయానికి మూలపురుషుడైన అబూ హనీఫా ఇరాక్ లెక్కను పాటించారు. ఆయన ముఖ్య శిష్యుడు అబూ యూసుఫ్ హజ్ యాత్రలో మదీనా వెళ్ళి ఈ విషయం విచారించారు. మీ సాఅకు ఆధారం చూపండి అని అడిగితే, మర్నాడు ముహాజిర్లు, అన్సార్ల సంతతికి చెందిన ఏభై మంది దాకా వృద్ధులు తమ తమ ఇళ్ళలోని కొలపాత్రలు పైవస్త్రాల కింద పెట్టుకుని వచ్చారు. తన తండ్రి నుంచో, ఇంటివారి నుంచో విన్నదాన్ని బట్టి ఇది ప్రవక్త కాలపు సాఅ అని ప్రతి ఒక్కరూ చెప్పారు. అబూ యూసుఫ్ వాటిని కొలిచి చూశారు. అన్నీ సరిసమానంగా, ఐదూ మూడో వంతు రత్ల్‌లకు కొద్ది తక్కువగా తూగాయి. ఆయన తన గురువు అభిప్రాయం విడిచి మదీనా లెక్కకు వచ్చేశారు.

ఈ కథనాన్ని నమోదు చేసినవారు పదకొండో శతాబ్దపు బైహఖీ. ఆయన పది సంపుటాల 'సునన్ అల్ కుబ్రా' అచ్చయి లోకానికి అందింది మన హైదరాబాదు నుంచే. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఆ గ్రంథాన్ని ప్రచురించింది. అరబ్బు దేశాల పండితులు సైతం ఆ ముద్రణను ఆధారంగా చూపుతూ వచ్చారు. వజూ నీటి కొలత గురించి ఇంత విలువైన సాక్ష్యం మూసీ ఒడ్డున అచ్చువేశామన్న సంగతి తెలుగు పాఠకులకు తెలియాలి.

నేటి పండితులు మదీనా ముద్‌ను అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా లెక్కగడతారు. ఇరాక్ లెక్కన అది లీటరుకు కాస్త అటూఇటూ. కొలతల్లో ఏకాభిప్రాయం లేదు కాబట్టి ఒకే అంకె చెప్పడం సాహసం. కానీ ఏ లెక్క తీసుకున్నా లీటరును పెద్దగా మించదు. ఇంతవరకు నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ముద్ ఒక హద్దు కాదు, అది కూడా చెప్పాలి. తప్పనిసరి పరిమాణం అంటూ ఏదీ లేదని, అవయవం మీద నీరు పారితే చాలునని 13వ శతాబ్దపు నవవీ పండితుల ఏకాభిప్రాయంగా పేర్కొన్నారు. తక్కువతో పూర్తయినా వజూ చెల్లుతుంది, ఎక్కువ వాడినా చెల్లుతుంది. చెల్లడం వేరు, మెచ్చుకోలు వేరు. ఇక్కడే అతి అనే మాట వస్తుంది.

అతి గురించి ఆధారాలు సమానమైనవి కావు

ఒక్కొక్క అవయవాన్ని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కడిగినట్టు మూడు వేర్వేరు కథనాలను బుఖారీ పక్కపక్కనే ఉంచారు. ఒకసారి కడిగితే విధి తీరుతుంది, మూడుసార్లు సున్నత్ (ప్రవక్త ఆచరణ). నాలుగోసారి సంగతేమిటి? ఒక అరబ్బు పల్లీయుడు వజూ గురించి అడిగినప్పుడు ప్రవక్త మూడుసార్లు కడిగి చూపించి, దీనికి మించినవాడు తప్పు చేశాడని చెప్పినట్టు నసాయీ, ఇబ్న్ మాజా నమోదు చేశారు. దీన్ని చెప్పినవారి పరంపర మీద కొంత చర్చ ఉన్నా చాలామంది పండితులు స్వీకరించారు.

ప్రవహించే నది ఒడ్డున ఉన్నా నీరు వృథా చెయ్యొద్దని ప్రవక్త సఅద్ అనే సహచరునితో అన్నట్టు చెప్పే హదీసు అన్నిటికంటే ఎక్కువ ప్రచారంలో ఉంది. మసీదు గోడల మీద రాసేదీ, ఉపన్యాసాల్లో వినిపించేదీ అదే. ఇబ్న్ మాజాలో ఉన్న ఆ హదీసు పరంపరలో ఇబ్న్ లహీఆ ఉన్నారు. ఆయన జ్ఞాపకశక్తిని హదీసు విమర్శకులు శంకించారు. అందువల్ల చాలామంది దాన్ని బలహీనమైనదిగా ఎంచారు. వాదం మొత్తాన్ని దాని మీద నిలబెట్టకూడదు. నిలబెట్టాల్సిన అవసరమూ లేదు. అనస్ చెప్పిన ముద్ హదీసు బలమైనది, ఆచరణను చూపేది. నినాదానికి అనువుగా లేనందువల్ల దాన్ని ఎవరూ గోడ మీద రాయరు. నా దృష్టిలో గోడ మీద ఉండవలసింది అదే.

ధర్మశాస్త్ర గ్రంథాలకు వస్తే, 17వ శతాబ్దపు డమాస్కస్ పండితుడు హస్కఫీ తన 'దుర్రె ముఖ్తార్'లో ఒక ముఖ్యమైన విభజన చేశారు. నది నీటినో సొంత నీటినో వజూలో అతిగా వాడటం మకరూహ్ (అవాంఛనీయం), అదీ నిషేధానికి దగ్గరైన మకరూహ్. శుద్ధి కోసం వక్ఫ్ చేసిన (ధర్మార్థం అంకితమిచ్చిన) నీటిని అతిగా వాడటం మాత్రం నేరుగా హరామ్ (నిషిద్ధం). మదరసాల నీటిని ఆయన పేరుపెట్టి ఇందులో చేర్చారు. కారణం సులువుగానే తెలుస్తుంది. ఇచ్చినవారు వజూకు ఇచ్చారు, వృథాకు ఇవ్వలేదు. ఈ గ్రంథం మన ప్రాంతపు హనఫీ మదరసాల్లో ఫత్వాలకు ఆధారంగా వాడేదే. ఈ తీర్పును మసీదు నల్లాకు వర్తింపజేయడానికి కొత్త ఇజ్తిహాద్ (స్వతంత్ర ధర్మవిచారణ) ఏమీ అక్కర్లేదని నా అభిప్రాయం. మసీదు ట్యాంకులోని నీరు ఎవరి సొంతమూ కాదు.

హౌజు వెనుక ఉన్న పది మూరలు

వాడకానికి ఇంత చిన్న కొలత ఉంటే, మసీదు ముందు అంత పెద్ద హౌజులు ఎందుకు? ఇది వేరే ప్రశ్న. వాడే నీటి కొలత దీనికి జవాబు కాదు, నిలవ ఉన్న నీటి శుద్ధి జవాబు. నిలిచిన నీటిలో నజాసత్ పడితే అది ఎప్పుడు అశుద్ధమవుతుంది అన్నదాని మీద పండితులు గట్టిగా విడిపోయారు.

మాలిక్ మార్గం తేలికైనది. రంగు, రుచి, వాసన మారితేనే నీరు చెడింది, పరిమాణంతో పనిలేదు. షాఫియీ ఒక హద్దు పెట్టారు: రెండు ఖుల్లాలు. ఖుల్లా అంటే పెద్ద కుండ. అది ఎంత పట్టేది? హజర్ అనే చోటి కుండలు తాను చూశానని, ఒక్కోదానిలో రెండు తోలుసంచులు లేదా రెండుకు పైన కొంత పడుతుందని ఇబ్న్ జురైజ్ చెప్పారు. 'కొంత' అన్నదాన్ని షాఫియీ ముందుజాగ్రత్తగా సగమని తీసుకున్నారు. అలా ఐదు సంచులు, సుమారు 500 బగ్దాదు రత్ల్‌లు. నేటి లెక్కల్లో రెండు వందల లీటర్లకు అటూఇటూ. ఇమామీ షియాల హద్దు కుర్ర్: పొడవు, వెడల్పు, లోతు మూడున్నర జానల చొప్పున పట్టేంత నీరు.

హనఫీలది వేరే దారి. ఒక వైపు కదిలిస్తే రెండో వైపు కదలనంత పెద్దదైతే అది 'ఎక్కువ నీరు'. ఎంత పెద్దదన్నది చూసేవాడి అంచనాకు వదిలేశారు. అబూ హనీఫా శిష్యుడు ముహమ్మద్ షైబానీని ఎవరో అడిగితే, నా ఈ మసీదంత అన్నారట. తర్వాత కొలిస్తే ఒక కథనంలో లోపలి కొలత ఎనిమిది మూరలకు ఎనిమిది, మరో కథనంలో పదికి పది. ఆ మాటను ఆయన తర్వాత ఉపసంహరించుకున్నారని కూడా అంటారు. అయినా పదికి పది జనంలో పాతుకుపోయింది. పారసీలో దాన్నే 'దహ్ దర్ దహ్' అన్నారు. 16వ శతాబ్దపు కైరోలో ఇబ్న్ నుజైమ్ ఇది హనఫీ సంప్రదాయపు అసలు మాట కాదని వాదించారు. వాదన బలంగా ఉన్నా వాడుకదే పైచేయి అయింది. 17వ శతాబ్దపు భారతదేశంలో ఔరంగజేబు కాలంలో కూర్చిన 'ఫతావా ఆలంగీరీ' కూడా పదికి పదినే చెబుతుంది. మూరను ఒకటిన్నర అడుగులుగా తీసుకుంటే అది పదిహేను అడుగులకు పదిహేను, అంటే 225 చదరపు అడుగులు. లోతు మాత్రం దోసిటితో తోడితే అడుగు బయటపడనంత ఉంటే చాలు. ఈ కొలతతో చూస్తే అబూ దావూద్ కొలిచిన ఆరు మూరల బుజాఆ బావి 'తక్కువ నీరే' అవుతుంది. హనఫీలు ఆ చిక్కును గుర్తించారు. ఆ బావి నీరు తోటలకు పారేదని, అంటే పారే నీటి కిందికి వస్తుందని వారి జవాబు.

హైదరాబాదు మక్కా మసీదు ముంగిట ఉన్న హౌజును ఈ నేపథ్యంలో చూడాలి. 1617లో ముహమ్మద్ ఖుతుబ్ షా మొదలుపెట్టిన ఆ మసీదు 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. మొదలుపెట్టిన వంశం ఇమామీ షియా, పూర్తిచేసినవాడు హనఫీ సున్నీ. పాదాల దగ్గర వారి వజూలు వేరు. 'ఎక్కువ నీటి' కొలతలూ వేరు. పెద్ద హౌజు మాత్రం ఇద్దరి కొలతలకూ సరిపోతుంది, బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బుల షాఫియీ లెక్కకూ సరిపోతుంది. ఆ హౌజును అందుకే కట్టారని నేను అనను. అలా చెప్పే శాసనమేదీ నేను చూడలేదు. అందరికీ సరిపడిందన్న మాట మాత్రం నిజం.

హౌజులో ఇంకో గుణం ఉంది. గట్టు మీద కూర్చుని దోసిటితో ముంచుకున్న నీరే ఖర్చవుతుంది. మనిషి చెయ్యి ఆగితే నీరూ ఆగుతుంది. వాడిన నీరు కాలవలోకి పోతుంది, మిగిలింది తర్వాతివారికి ఉంటుంది. లోటాతో చేసే వజూలోనూ ఇంతే. నల్లాలో ఈ గుణం లేదు. చేతులు రుద్దుకునేటప్పుడూ, చొక్కా చేయి మడుచుకునేటప్పుడూ, తల తుడుచుకునేటప్పుడూ అది కారుతూనే ఉంటుంది. ఒక నల్లా నిమిషానికి ఆరు లీటర్లు ఇస్తుందనుకుందాం. ఒకటిన్నర నిమిషం తెరిచి ఉంచితే తొమ్మిది లీటర్లు. లీటరుతో అయ్యే పనికి తొమ్మిది రెట్లు. రెండు వందల మంది ఒక్క నమాజుకు వజూ చేస్తే 1,800 లీటర్లు. ఎండాకాలంలో మసీదు కమిటీలు ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్ళలో ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. హౌజులను పూడ్చి నల్లాలు పెట్టడానికి పరిశుభ్రత, స్థలం వంటి న్యాయమైన కారణాలు ఉన్నాయి, వాటిని కాదనడం లేదు. మార్పుతో పాటు పోయినదేమిటో కూడా గుర్తించాలి.

అనుమానం అనే జబ్బు

నీరు ఎక్కువ ఖర్చయ్యే మరో చోటు మనసు. మోచెయ్యి తడిసిందో లేదో, వజూ ఉందో పోయిందో అని మళ్ళీ మళ్ళీ కడిగేవారున్నారు. వారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, అది బాధతో కూడిన స్థితి. వారికి ఊరటనిచ్చే ఆధారం మాత్రం చాలా బలంగా ఉంది. నమాజులో ఏదో జరిగినట్టు అనుమానం వస్తోందని చెప్పుకున్న మనిషికి, శబ్దం వినే వరకు లేదా వాసన తెలిసే వరకు నమాజు విడవొద్దని ప్రవక్త చెప్పినట్టు బుఖారీ, ముస్లిం నమోదు చేశారు. నిశ్చయంగా ఉన్నది అనుమానంతో పోదు అనే ధర్మశాస్త్ర సూత్రానికి ఇదే పునాది. మాలికీలలో కొందరు నమాజుకు బయట వచ్చిన అనుమానానికి మళ్ళీ వజూ చెయ్యమన్నారు. కానీ వారు కూడా అనుమానం వదలని జబ్బుగా మారినవారిని మినహాయించారు. ప్రతి నమాజుకూ కొత్త వజూ తప్పనిసరి కాదని కూడా గుర్తుంచుకోవాలి. మక్కా విజయం నాడు ప్రవక్త ఒకే వజూతో పలు నమాజులు చేశారని ముస్లిం గ్రంథంలో ఉంది.

చివరగా, వాడేసిన నీటి సంగతి. వజూ చేసిన నీరు శుద్ధమే కానీ దానితో మళ్ళీ వజూ చెల్లదన్నది హనఫీలలో ఫత్వా నడిచే మాట. అలాగని మొక్కలకు పోయడానికి అడ్డేమీ లేదు. మురుగునీటిని సైతం రంగు, రుచి, వాసన పోయేలా పూర్తిగా శుద్ధిచేస్తే అది తిరిగి శుద్ధమవుతుందని సౌదీ అరేబియా ప్రముఖ పండితుల మండలి 1978లోనే తీర్పు ఇచ్చింది. అలాంటప్పుడు, నజాసత్ అంటని వజూ నీరు డ్రైనేజీలోకి ఎందుకు పోవాలి? ఒక గొట్టం, ఒక ఇంకుడు గుంత, మసీదు ఆవరణలో నాలుగు చెట్లు ఉంటే అది భూమిలోకి చేరుతుంది.

మసీదు కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వజూఖానాలో నల్లాల పక్కన లీటరు పట్టే లోటాలు కొన్ని ఉంచండి. అనస్ చెప్పిన ముద్ మాటను తెలుగులో, ఉర్దూలో అక్కడ రాయించండి. చదివినవారు ఒక్కసారైనా ఆ లోటాతో వజూ చేసి, చివర్లో అందులో ఎంత నీరు మిగిలిందో చూసుకోండి.